ఘంటసాల గొంతు చావింటి కోసమేనా?

ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. యాభై ఏళ్లు దాటిపోయింది. అయినా మన సోలాపూర్ పూర్వ భాగంలో ఆయన గొంతు తెలియని తెలుగు ఇల్లు ఉండదు. కానీ ఆ గొంతు మనం ఎప్పుడు వింటాం? ఎవరైనా పోయినప్పుడు. వాడలో భగవద్గీత రికార్డు మొదలైతే చాలు, ఆడుకునే చిన్న పిల్లలు కూడా ఆట ఆపి "ఎవరింట్ల?" అని అడుగుతారు. నా ఈడు పిల్లల్లో చాలామందికి ఘంటసాల అంటే అంతే తెలుసు. దాదాపు ముప్పై ఏళ్లు పాడిన మనిషి పాటలన్నీ పోయి ఒక్క రికార్డు మిగిలింది. ఆ రికార్డు కూడా ఒక్క పనికే మిగిలింది. ఇది సరి కాదని నా అభిప్రాయం. ఎందుకు సరి కాదో ఈ వ్యాసంలో చెప్తాను.

ముందు ఆయన జీవితం క్లుప్తంగా. 1922 డిసెంబర్ 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య గారు మృదంగం వాయించేవారు, నారాయణ తీర్థుల తరంగాలు పాడేవారు. కొడుకును భుజం మీద ఎత్తుకుని భజనలకు తీసుకుపోతే ఆ పిల్లవాడు తరంగాలకు అడుగులు వేసేవాడట. ఆ తండ్రి కొడుకు చిన్నతనంలోనే పోయారు. పోయేముందు, సంగీతం నేర్చుకుని పెద్దవాడివి కమ్మని చెప్పి పోయారంటారు. ఇంట్లో డబ్బు లేదు. కుర్రవాడు చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం బయలుదేరాడు. అక్కడ మహారాజావారి సంగీత కళాశాల ఉంది. గొప్ప వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు దానికి ప్రిన్సిపాల్.

విజయనగరంలో ఆయన్ని చేరదీసిన గురువు పట్రాయని సీతారామశాస్త్రి గారు. డబ్బు తీసుకోకుండా పాట నేర్పారు. అయితే శిష్యుడికి రోజూ అన్నం పెట్టేంత స్తోమత ఆ గురువుకీ లేదు. అందుకని ఘంటసాల జోలె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తారు. మధూకరం అంటే తేనెటీగ ఒక్కో పువ్వు దగ్గర కొంచెం కొంచెం తెచ్చుకున్నట్టు నాలుగిళ్లలో అన్నం అడుక్కుని చదువుకోవడం. బీడీలు చుట్టి పిల్లల్ని చదివించే తల్లులు ఉన్న మన వాడకి ఈ కథ కొత్తగా అనిపించదు. ఆ గురువు గారి కొడుకు పట్రాయని సంగీతరావు గారే తర్వాత మద్రాసులో చాలా ఏళ్లు ఘంటసాల పక్కన ఉండి సంగీతంలో సాయం చేశారు. గురువు ఇంటితో ఆ సంబంధం అలా చివరిదాకా నిలిచింది.

1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. ఘంటసాల అందులో దిగి పాటలు పాడారు, బళ్ళారి దగ్గర అలీపురం జైలులో పద్దెనిమిది నెలలు ఉన్నారు. నలుగురు హుతాత్మలను ఇచ్చిన ఊళ్లో ఉండే మనం ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1944లో సావిత్రి గారితో పెళ్లయింది. అత్తగారి ఊరు పెదపులివర్రులో రచయిత సముద్రాల రాఘవాచార్య గారు ఆయన పాట విని మద్రాసు రమ్మన్నారు. మద్రాసులో మొదట దొరికింది కోరస్ పాడే పని, చిన్న చిన్న వేషాలు. ఈ గొంతు గ్రామఫోన్ రికార్డుకు పనికిరాదని మొదట తిప్పి పంపారంటారు. తర్వాత పేకేటి శివరాం గారి చొరవతో రికార్డు వచ్చింది. 1945లో 'స్వర్గసీమ' సినిమాలో భానుమతి గారితో కలిసి పాడారు. అక్కడి నుంచి 1974 దాకా ఆగలేదు. 1970లో పద్మశ్రీ వచ్చింది. 1971లో ఐరోపా, అమెరికా వెళ్లి పాడి వచ్చారు. పోయేనాటికి ఆయన వయసు 51 ఏళ్లే.

జీవితం ఇంతటితో ఆపుతాను. ఇది ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. అసలు సంగతి ఆయన గొంతు.

ఘంటసాల గొంతు గంభీరంగా ఉంటుంది, తియ్యగా ఉంటుంది అని అందరూ రాస్తారు. అది నిజమే గానీ గంభీరమైన గొంతులు ఇంకా ఉన్నాయి. నాకు ముఖ్యంగా కనిపించింది వేరే. ఆయన పాడితే మాట వినపడుతుంది. రాగం మాటను మింగేయదు. నేత పని వాళ్ల భాషలో చెప్పాలంటే, మాట పడుగు, రాగం పేక. పడుగు సరిగ్గా లేకపోతే ఎంత మంచి పేక వేసినా గుడ్డ నిలవదు.

దీనికి మంచి ఉదాహరణ 'పుష్పవిలాపం'. ఇది సినిమా పాట కాదు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారు రాసిన పద్యాలను ఘంటసాల విడిగా రికార్డుగా పాడారు. కథ చిన్నది. ఒకడు పొద్దున్నే పూజకు పూలు కోయడానికి తోటకు పోతాడు. కోయబోతే పూలు మాట్లాడతాయి. తల్లి ఒడిలో హాయిగా ఉన్న మమ్మల్ని ఎందుకు చంపుతావని అడుగుతాయి. సూదులతో గుచ్చుతారని, దారాలతో గొంతులు బిగిస్తారని, వాడిపోయాక ఊడ్చి పారేస్తారని ఏడుస్తాయి. ఆ మనిషి చెయ్యి రాక, పూలు కోయకుండానే దేవుడి దగ్గరికి తిరిగి వస్తాడు. దారం మనకు అన్నం పెట్టే వస్తువు. అదే దారం పువ్వు వైపు నుంచి చూస్తే ఉరితాడు అని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఈ రికార్డులో ఘంటసాల గట్టిగా ఏడవరు. పద్యానికీ పద్యానికీ మధ్య మామూలుగా మనతో మాట్లాడినట్టు కథ చెప్తారు, మళ్లీ పద్యంలోకి పోతారు. మాట ఎక్కడ ఆగింది, పాట ఎక్కడ మొదలైంది అని చెప్పడం కష్టం. పువ్వు నిందించేటప్పుడు గొంతులో కోపం కంటే సిగ్గుపడేలా చేసే మెత్తదనం ఎక్కువ ఉంటుంది. అందుకే మనకు తగులుతుంది. ఎవరైనా అరిచి తిడితే మనం కూడా అరుస్తాం. మెల్లగా అడిగితే జవాబు చెప్పలేం.

మేము ముగ్గురం స్నేహితులం కలిసి ఒక పరీక్ష పెట్టుకున్నాం. పుస్తకం చూడకుండా పుష్పవిలాపంలో ఒక పద్యం ఫోన్‌లో రెండుసార్లు విని రాయాలి. తర్వాత ఒక కొత్త సినిమా పాట కూడా రెండుసార్లు విని రాయాలి. పద్యంలో మాకు అర్థం తెలియని మాటలు చాలా ఉన్నాయి. అయినా అక్షరాలు దాదాపు సరిగ్గా పడ్డాయి. కొత్త పాటలో మాటలన్నీ రోజూ వాడేవే, అయినా ముగ్గురం మూడు రకాలుగా రాశాం. అర్థం తెలిసిన పాట రాయలేకపోయాం, అర్థం తెలియని పద్యం రాయగలిగాం. ఇది పాడిన మనిషి గొప్పతనం కాక ఇంకేమిటి?

మన సోలాపూర్ తెలుగు పిల్లలకు ఇది ఇంకా ఎక్కువ పనికొస్తుంది. మనం ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, టీవీలో హిందీ. మరాఠీలో ఎ, ఏ అని రెండు లేవు, ఒకటే ఉంది. ఒ, ఓ కూడా అంతే. అందుకే మనం మెడకు మేడ, కొనకు కోన రాసి సార్ల చేత ఎర్ర గీతలు పెట్టించుకుంటాం. ఇక ఒత్తు అక్షరాలు మాట్లాడేటప్పుడు ఎప్పుడో వదిలేశాం. 'భ' రాస్తాం, 'బ' అంటాం. ఘంటసాల పద్యం వింటే పొట్టి అక్షరం పొట్టిగా, పొడుగు అక్షరం పొడుగ్గా వినపడతాయి. ఒత్తు ఉంటే ఒత్తు వినపడుతుంది.

ఇది ఊరికే రాదు. పదో తరగతిలో మనం ఛందస్సు చదువుతాం. ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలు, భ ర న భ భ ర వ గణాలు, పదో అక్షరం యతి. ఏది గురువో ఏది లఘువో ముందే తేలిపోయి ఉంటుంది. పాడేవాడు లఘువును సాగదీస్తే పద్యం నడక చెడిపోతుంది. పుష్పవిలాపంలో ఉత్పలమాలలు ఉన్నాయి. ఘంటసాల పాడినప్పుడు రాగం ఎక్కువగా పాదం చివరే సాగుతుంది. ఉత్పలమాల పాదం చివర ఎలాగూ గురువే. కాబట్టి రాగానికి రాగం దక్కింది, పద్యానికి దెబ్బ తగల్లేదు. గణాలు గుర్తించమంటే మా తరగతిలో సగం మందికి భయం. చెవితో వింటే ఆ భయం సగం పోతుంది. నాకు అలాగే పోయింది.

ఆయనకు ముందు నాటకాల్లో పద్యం ఎలా పాడేవారో పెద్దవాళ్లు చెప్తారు. పద్యం ఒక నిమిషం, దాని వెనక రాగం ఐదు నిమిషాలు. జనం "వన్స్ మోర్" అంటే మళ్లీ మొదటి నుంచి. అదీ ఒక గొప్ప కళే, మైకు లేకుండా ఆఖరి వరస దాకా వినిపించాలి కదా. కానీ అక్కడ మనం పాడేవాడి ఊపిరిని మెచ్చుకుంటాం, పాత్ర బాధను మరిచిపోతాం. ఘంటసాల దగ్గర మైకు ఉంది. అరవాల్సిన పని లేదని ఆయన గుర్తించారు. రాగాన్ని తగ్గించి భావాన్ని ముందుకు తెచ్చారు. కాలేజీలో శాస్త్రీయ సంగీతం నేర్చి పట్టా తెచ్చుకున్న మనిషి తనకు వచ్చిన విద్యంతా చూపించకుండా అదుపులో పెట్టుకోవడం సులువు కాదు.

ఒక్క పద్యాలే కాదు. 'దేవదాసు' 1953లో వచ్చింది, సంగీతం సి.ఆర్. సుబ్బరామన్ గారిది. అందులో తాగిన మనిషి పాటలు ఉన్నాయి. తాగినట్టు పాడమంటే ఎవరైనా మాటలు ముద్ద చేస్తారు. ఘంటసాల మాట ముద్ద కానివ్వలేదు, మనిషి మాత్రం తూలుతున్నట్టే ఉంటుంది. 'పాతాళ భైరవి'లో 1951లో తోట రాముడికి పాడినప్పుడు అదే గొంతు చలాకీగా, వయసు కుర్రవాడిలా ఉంటుంది. ఎన్.టి. రామారావు గారికి ఒక రకంగా, అక్కినేని నాగేశ్వరరావు గారికి ఒక రకంగా పాడేవారని అంటారు. కళ్లు మూసుకుని వింటే ఎవరి పాటో చెప్పొచ్చని మా తాత పందెం కాస్తారు. నేను మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ ఆయనే గెలిచారు.

ఘంటసాల సంగీత దర్శకులు కూడా. ఈ సంగతి మా తరగతిలో ఎక్కువమందికి తెలియదు. పాతాళ భైరవికి సంగీతం ఆయనదే. 1957లో వచ్చిన 'మాయాబజార్' కూడా ఆయన పేరుతోనే ఉంది. అందులో నాలుగు పాటల వరసలు సాలూరి రాజేశ్వరరావు గారివి. ఆయన మధ్యలో తప్పుకుంటే మిగతా పని ఘంటసాల పూర్తి చేశారు. మాయాబజార్‌లో చిన్న పిల్లలకు కూడా ఇష్టమైన ఘటోత్కచుడి భోజనం పాట ఘంటసాల పాడలేదు. మాధవపెద్ది సత్యం గారి చేత పాడించారు. ఎస్.వి. రంగారావు గారి ఆకారానికి, ఆ నవ్వుకి ఆ గొంతే సరిపోతుంది. సంగీత దర్శకుడు తనే అయినా మంచి పాట తనే పట్టుకోలేదు. 1963లో 'లవకుశ' వచ్చింది, అది మొదటి పూర్తి రంగుల తెలుగు సినిమా. అందులో పిల్లలు పాడే రామాయణం పాటలు పి. లీల, పి. సుశీల గార్ల చేత పాడించారు. రామాయణం తెలియని వాడు ఆ పాటలు వింటే కథ మొత్తం తెలిసిపోతుంది. ఇక్కడ కూడా అదే సూత్రం, మాట వినపడాలి.

ఇంత మెచ్చుకున్నాక లోపాలు చెప్పకపోతే అది విమర్శ కాదు, పొగడ్త అవుతుంది. నాకు మూడు లోపాలు కనిపించాయి.

మొదటిది, ఆయన పాటల్లో మన ఇంటి తెలుగు లేదు. మన పెద్దలు తెలంగాణ నుంచి మగ్గాలు పట్టుకుని ఇక్కడికి వచ్చారు. మనం "ఎటు పోతున్నవ్", "గిట్ల చెయ్" అంటాం, మధ్యలో మరాఠీ మాటలు కలుపుతాం. ఆయన పాటల్లో ఉన్నది సముద్రాల గారి, పింగళి గారి పుస్తకాల తెలుగు. ఇది పాడిన ఆయన తప్పు కాదు, రాసిన వాళ్లది, ఆ కాలానిది. అయినా వినేటప్పుడు మన భాషను గుమ్మం బయటే ఉంచి లోపలికి వెళ్లినట్టు అనిపిస్తుంది. రెండోది, విషాదం పాటలు వరసగా నాలుగు వింటే అన్నీ ఒకే రకంగా అనిపిస్తాయి. హీరో ఎవరైనా దుఃఖం ఒకటే అయిపోతుంది. మూడోది ఆయనది కాదు, అభిమానులది. ఆ కాలంలో ఆయన ఒక్కరే గాయకుడన్నట్టు మాట్లాడతారు. 1955లో వచ్చిన 'మిస్సమ్మ'లో రామారావు గారికి పాడింది ఏ.ఎం. రాజా గారు. ఆ పాటలు ఎంత మెత్తగా ఉన్నాయో వింటే తెలుస్తుంది. ఒకరిని మెచ్చుకోవడానికి ఇంకొకరిని మరిచిపోనక్కర్లేదు.

ఇప్పుడు భగవద్గీత సంగతి. గీతలో 700 శ్లోకాలు ఉన్నాయి. ఘంటసాల అందులోంచి ఒక వంద దాకా ఏరి, శ్లోకం పాడి కింద తెలుగులో అర్థం చెప్పారు. అప్పటికే ఆయన ఆరోగ్యం బాగా లేదు. రికార్డు ఆయన పోయాక విడుదలైంది. ఆ గొంతులో ఒక అలసట ఉంది. శ్రద్ధగా వింటే తెలుస్తుంది. బహుశా ఆ అలసట వల్లా, ఆయన పోయిన వెంటనే రావడం వల్లా జనం దాన్ని చావుతో కలిపేశారని నేను అనుకుంటున్నాను.

కానీ గీతలో జరిగిందేమిటి? యుద్ధం మధ్యలో అర్జునుడు నావల్ల కాదని గాండీవం వదిలేసి కూర్చున్నాడు. కృష్ణుడు పద్దెనిమిది అధ్యాయాలు చెప్పి అతన్ని లేపి నిలబెట్టాడు. ఆత్మకు చావు లేదని చెప్పే శ్లోకాలు రెండో అధ్యాయంలో ఉన్నాయి, నిజమే. కానీ మొత్తం పుస్తకం ఉద్దేశం కూర్చున్నవాణ్ణి లేపి పనికి పంపడం. భక్తి ఉన్నవాళ్ల సంగతి నేను మాట్లాడటం లేదు, కథ ప్రకారమే చెప్తున్నాను. ఈ రికార్డు పొద్దున కార్ఖానాకు పోయేవాడికి, పరీక్షకు పోయే పిల్లవాడికి సరిపోతుంది. ఒకరోజు పొద్దున నేను ఇంట్లో పెడితే మా నాయనమ్మ వెంటనే ఆపించింది. "పొద్దుగాల్నే గది పెట్టకు బిడ్డా, ఎవలన్న ఇంటే మనింట్ల ఏమైందో అనుకుంటరు" అంది. నాయనమ్మ మాటలో తప్పు లేదు. ఇన్నేళ్ల అలవాటు అది. పోయినవాళ్ల దగ్గర ఆ రికార్డు పెడితే ఇంట్లోవాళ్లకు ఓదార్పుగా ఉంటుంది, దాన్ని ఆపమని నేను అనను. అక్కడ కూడా పెట్టండి, అక్కడే పెట్టకండి అంటున్నాను.

మన పక్కనే మరాఠీ వాళ్లను చూడండి. పండిత్ భీమ్‌సేన్ జోషి గారు కూడా 1922లోనే పుట్టారు, ఫిబ్రవరి 4న. ఆయన కూడా చిన్నతనంలో గురువును వెతుక్కుంటూ ఇల్లు వదిలి పోయారు. ఆయన పాడిన అభంగాలు మన జిల్లాలోని పంఢరపూర్ వారీ వచ్చిందంటే ఊరంతా మోగుతాయి. పొద్దున్నే ఇళ్లల్లో పెట్టుకుంటారు, టీ బండి దగ్గర పెట్టుకుంటారు. అభంగాల్లో కూడా దేహం ఉండదు, ప్రాణం పోతుంది అనే మాటలు ఉన్నాయి. అయినా భీమ్‌సేన్ గొంతు వినపడితే ఎవరూ "ఎవరు పోయారు?" అని అడగరు. వాళ్లు ఆ గొంతును రోజుతో కలుపుకున్నారు. మనం మన గొంతును ఒక్క రోజుకు కట్టేశాం.

తెలుగు మీడియం స్కూళ్లలో పిల్లలు తగ్గుతున్నారని మన ఇళ్లల్లో రోజూ మాట్లాడుకుంటారు. తెలుగు చదివి ఏం లాభం అనే ప్రశ్న నన్ను కూడా బంధువులు అడిగారు. ఆ ప్రశ్నకు పెద్ద జవాబు నా దగ్గర లేదు. కానీ చదువు వదిలేసినా చెవిలో ఉండే తెలుగు ఒకటి ఉంటుంది. అది చావింటి తెలుగు ఒక్కటే అయితే, మన తర్వాతి పిల్లలు ఆ భాషంటేనే భయపడతారు. పువ్వు మాట్లాడే తెలుగు, తోట రాముడి తెలుగు, లవకుశుల తెలుగు కూడా అదే గొంతులో ఉందని వాళ్లకు తెలియాలి.

అందుకని నావి రెండు కోరికలు. డిసెంబర్ 4న ప్రార్థన తర్వాత పుష్పవిలాపం రికార్డు పెట్టించమని మన సార్లను, టీచర్లను కోరుతున్నాను. పది నిమిషాలైనా చాలు. ఈసారి గ్యాదరింగ్‌లో రీమిక్స్ డాన్సుల మధ్య ఒక లవకుశ పాటకు చోటు ఇవ్వండి, ఇద్దరు చెల్లెళ్లు పాడటానికి ఇప్పటికే ఒప్పుకున్నారు. తోటి విద్యార్థులకు చెప్పేది ఒకటే. ఘంటసాల పద్యం ఏదైనా ఒకటి పెట్టుకుని, పెన్సిలు, కాగితం దగ్గర ఉంచుకుని విన్నది విన్నట్టు రాయండి. తర్వాత పుస్తకంతో సరిచూసుకుని ఎన్ని అక్షరాలు సరిపోయాయో మీరే లెక్కపెట్టండి.